ఆటోనగర్ గుట్టలో ఆవిరైపోయిన కరెంటు

మలక్‌పేటలో విజయవాడ బస్సెక్కితే దారి అందరికీ కంఠతా వచ్చిందే. దిల్‌సుఖ్‌నగర్, కొత్తపేట, ఎల్బీనగర్, వనస్థలిపురం, ఆటోనగర్. సంక్రాంతికి ఊరెళ్లే సాఫ్ట్‌వేర్ జనాభాలో సగం మంది ఈ రోడ్డు మీదే గంటలకి గంటలు ఇరుక్కుని ఉంటారు. ఆటోనగర్ అనగానే ఇప్పుడు హరిణ వనస్థలి పార్కు, లారీల షెడ్లు గుర్తొస్తాయి. పాతికేళ్ల క్రితం ఈ దారిన తిరిగినవాళ్లకైతే ముందు గుర్తొచ్చేది వాసన. హైదరాబాద్ మునిసిపల్ కార్పొరేషన్ (అప్పటికింకా జీహెచ్ఎంసీ కాదు) తూర్పు వైపు చెత్తని ఏళ్ల తరబడి తెచ్చి పోసిన డంపింగ్ యార్డు అక్కడే ఉండేది. 2000 దశకంలో అది మూతపడింది.

ఆ గుట్టలోంచి కరెంటు తియ్యొచ్చని ఎవరికీ తెలియదా? తెలుసు. తెలిసి కూడా ఎందుకు తియ్యలేదన్నదే ఈ టపా. చెత్త గురించి అనిపిస్తుంది గానీ, నిజానికిది టైమింగ్ గురించి.

ముందు మలక్‌పేట సంగతి. గోల్కొండ నవాబు అబ్దుల్లా కుతుబ్ షా కొలువులో పనిచేసిన మాలిక్ యాకూబ్ పేరు మీద వచ్చిన పేట ఇది. 1886లో గుర్రప్పందేలు మౌలాలి నుంచి ఇక్కడికి మారాయి. ఫ్రెంచి జనరల్ రేమండ్ సమాధి ఇక్కడికి దగ్గర్లోనే, ఆయన పేరు మీదే మూసారాంబాగ్ అంటారు. ఇవన్నీ టూరిస్టు కబుర్లు. మన విషయానికి పనికొచ్చేది మహబూబ్ గంజ్, అంటే మలక్‌పేట మార్కెట్ యార్డు. ఉల్లిపాయలు, ఎండుమిర్చి, వెల్లుల్లి. దానికి కాస్త ముందుకెళ్తే గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్. అది 2021లో మూతపడి బాటసింగారం వెళ్లిపోయింది గానీ, అంతకు ముందు కొన్ని దశాబ్దాల పాటు మామిడి సీజన్లో ఆ రోడ్డు మీద నడిచినవాళ్ల చెప్పులకి తెలుసు అక్కడి తడి చెత్త ఎంతో. అంటే ఈ దారి పొడుగునా పుట్టే చెత్తలో కాగితం, చెక్క తక్కువ. కుళ్లేది ఎక్కువ. ఈ పాయింటు గుర్తు పెట్టుకోండి, తర్వాత దీంతో పనుంది.

కుళ్లేదాన్ని గాలి ఆడకుండా కప్పిపెడితే ఏమవుతుందో మన ఊళ్లలో చాలామందికి తెలుసు. గోబర్ గ్యాస్. మా తరం వాళ్లు చిన్నప్పుడు అమ్మమ్మల ఇళ్లలో పెరట్లో గుండ్రటి తొట్టి, దాని మీద తేలే ఇనప డ్రమ్ము చూసే ఉంటారు. ఆ బాక్టీరియాకి పేడైనా ఒకటే, కుళ్లిన మామిడికాయైనా ఒకటే. చెత్త గుట్టలో మీటరో రెండు మీటర్లో లోపలికి వెళ్తే ఆక్సిజన్ అయిపోతుంది. కొన్ని నెలల్లో మీథేన్ తయారవడం మొదలవుతుంది. వచ్చే గ్యాసులో దాదాపు సగం మీథేన్, మిగతాది ఎక్కువగా కార్బన్ డయాక్సైడ్, కొంచెం హైడ్రోజన్ సల్ఫైడ్. ఆ కుళ్లిన కోడిగుడ్డు వాసన ఈ చివరిదాని పుణ్యమే.

దీన్ని పట్టుకోవడం కాగితం మీద సులువే. గుట్ట పైన మట్టి, ప్లాస్టిక్ షీటు కప్పాలి. బోర్లు వేసినట్టు నిలువుగా తూట్లున్న పైపులు దించాలి. అన్నింటినీ ఒక బ్లోయర్‌కి కలిపి మెల్లగా పీల్చాలి. మరీ గట్టిగా పీలిస్తే బయటి గాలి లోపలికి దూరి బాక్టీరియా చస్తుంది, ఒక్కోసారి గుట్ట అంటుకుంటుంది కూడా. వచ్చిన గ్యాసులోంచి తేమ, సల్ఫైడు తీసేసి ఇంజన్‌కి ఇస్తే జనరేటర్ తిరుగుతుంది. కాలిఫోర్నియాలో పాలోస్ వెర్డెస్ గుట్ట మీద గ్యాసు పట్టే పని 1975లోనే మొదలుపెట్టారు. అంటే ఇది రాకెట్ సైన్స్ ఏమీ కాదు, ఇందిరాగాంధీ ఎమర్జెన్సీ నాటి టెక్నాలజీ.

పట్టుకోకపోతే ఏమవుతుంది? రెండు జరుగుతాయి. ఒకటి, గ్యాసు గాల్లో కలుస్తుంది. వందేళ్ల లెక్కన చూస్తే మీథేన్ కార్బన్ డయాక్సైడ్ కంటే పాతిక రెట్లకి పైగా వేడి పుట్టిస్తుంది. రెండోది ఇంకా దగ్గరి ప్రమాదం. 1993 ఏప్రిల్‌లో ఇస్తాంబుల్‌లోని ఉమ్రానియేలో చెత్త గుట్ట లోపలి మీథేన్ పేలి, కొండచరియ విరిగినట్టు చెత్త పక్కనున్న గుడిసెల మీద పడింది. 39 మంది పోయారు. మన 2000 నాటి మునిసిపల్ చెత్త నిబంధనల్లో ల్యాండ్‌ఫిల్ దగ్గర గ్యాసు సేకరించే ఏర్పాటు ఉండాలని, మీథేన్ 'పేలుడు కింది హద్దు'లో 25 శాతం దాటకూడదని రాసింది ఊరికే కాదు. రాశారు. రూల్ నంబర్లతో సహా రాశారు. మన దగ్గర డాక్యుమెంటేషన్‌కి ఎప్పుడూ లోటు లేదు :)

సరే, ఎంత కరెంటు వస్తుందో ఒక రఫ్ లెక్క వేద్దాం. ఇంజనీర్లం కదా, లెక్క లేకుండా నమ్మకూడదు. టన్ను చెత్త తన మొత్తం జీవితకాలంలో 50 ఘనపు మీటర్ల మీథేన్ ఇస్తుందనుకుందాం. పైపులు దాంట్లో సగం పట్టుకుంటే గొప్ప. మిగిలిన 25 ఘనపు మీటర్లలో ఒక్కోదానిలో దాదాపు 10 యూనిట్ల వేడి ఉంటుంది, ఇంజన్ అందులో మూడో వంతుకి కాస్త ఎక్కువ కరెంటు చేస్తుంది. వెరసి టన్నుకి 87 యూనిట్లు. రోజుకి వెయ్యి టన్నుల చొప్పున పదేళ్లు పోసిన గుట్ట అయితే 36.5 లక్షల టన్నులు, దాదాపు 32 కోట్ల యూనిట్లు. అదంతా ఇరవై ఏళ్ల మీద పరిస్తే రెండు మెగావాట్లకి కాస్త తక్కువ.

రెండు మెగావాట్లు! 2024 వేసవిలో గ్రేటర్ హైదరాబాద్ డిమాండు 4,000 మెగావాట్లు దాటింది. ఆ పక్కన పెడితే ఇది రౌండింగ్ ఎర్రర్. "చెత్తతో నగరానికి వెలుగులు" అని పేపర్లలో హెడ్డింగులు చూసినప్పుడల్లా నాకు ఈ లెక్క గుర్తొస్తుంది. నా మటుకు నాకు ల్యాండ్‌ఫిల్ కరెంటు అనేది నగరాన్ని నడిపే కరెంటు కాదు, మీథేన్‌ని పట్టుకునే ఖర్చులో కొంత తిరిగి రాబట్టే ఉపాయం. అలా చూస్తే రెండు మెగావాట్లు తక్కువేం కాదు. 1920లో హుస్సేన్ సాగర్ ఒడ్డున నిజాం ప్రభుత్వం పెట్టిన థర్మల్ స్టేషన్ మొత్తం సామర్థ్యం 22.5 మెగావాట్లు. ఊరంతటికీ దీపాలు పెట్టింది అదే. (ఇప్పుడు ఆ చుట్టుపక్కల ఐమాక్స్‌లో పాప్‌కార్న్ తింటున్నాం.)

ఇక్కడే టైమింగ్ వస్తుంది. రేడియో ధార్మికతకి హాఫ్ లైఫ్ ఉన్నట్టే చెత్తకీ ఉంటుంది. కాగితం, చెక్క ఎక్కువున్న పాశ్చాత్య దేశాల చెత్తకి సగం కుళ్లడానికి పదిహేను నుంచి ముప్పై ఏళ్లు పడుతుంది. వాళ్లు గుట్టని మూసి, తీరిగ్గా టెండరు పిలిచి, ప్లాంటు కట్టినా ఇంకా గ్యాసు ఉంటుంది. మన చెత్త అలా కాదు. కాగితం, అట్టపెట్టెలు పాత పేపర్ల వాళ్లు ఇంటి దగ్గరే పట్టుకుపోతారు. మిగిలినవి చెత్త ఏరుకునేవాళ్లు తీస్తారు. గుట్టకి చేరేది అన్నం, కూరగాయ తొక్కలు, పళ్లు, మట్టి. వీటి హాఫ్ లైఫ్ పదేళ్ల లోపే. ఏడేళ్లనుకోండి. మూసిన ఏడేళ్లకి సగం గ్యాసు పోయింది, పద్నాలుగేళ్లకి మూడొంతులు పోయింది. ఇది ఎవరూ కిల్ చెయ్యలేని టైమర్. ఫైలు ఏ టేబుల్ మీద ఉందో బాక్టీరియాకి అనవసరం.

మరి ఆ ఏళ్లలో మనం ఏం చేశాం? మంచి ప్రశ్న. ఖాళీగా అయితే లేం. చెత్త నుంచి కరెంటు విషయంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ దేశానికే ముందుంది. 2003లో షాద్‌నగర్ దగ్గర ఎలికట్టలో సెల్కో ఇంటర్నేషనల్ 6.6 మెగావాట్ల ప్లాంటు మొదలుపెట్టింది. నగరం చెత్తని గంధంగూడలో ఎండబెట్టి, జల్లెడ పట్టి, ఇంధనంగా మార్చి అక్కడ కాల్చేవాళ్లు. అదే ఏడాది విజయవాడలో శ్రీరామ్ ఎనర్జీ వాళ్లది 6 మెగావాట్లు. రెండూ కాల్చే ప్లాంట్లే, గ్యాసువి కాదు. తడి చెత్తని కాల్చడం ఎలా ఉంటుందో పొయ్యిలో పచ్చి కట్టెలు పెట్టినవాళ్లకి చెప్పక్కర్లేదు. దేశానికి ఈ పాఠం అప్పటికే ఒకసారి అయింది. ఢిల్లీ తిమార్‌పూర్‌లో 1980ల చివర్లో డెన్మార్క్ టెక్నాలజీతో పెట్టిన ప్లాంటుకి కిలోకి 1,400 కిలోకేలరీలకి పైగా వేడి ఉన్న చెత్త కావాలి. వచ్చింది అందులో సగం. కొద్ది వారాలు తిరిగి ఆగిపోయింది. రిక్వైర్‌మెంట్స్ ఒక దేశంలో రాసుకుని డిప్లాయ్‌మెంట్ ఇంకో దేశంలో చేస్తే ఏమవుతుందో మనకి తెలియనిదా!

మన ప్లాంట్లు తిమార్‌పూర్ కంటే నయం, కొన్నేళ్లు నడిచాయి. చెత్తకి ఊక లాంటివి తోడు చెయ్యాల్సొచ్చేది. చివరికి రెండూ మూతపడ్డాయి. ఇంకోవైపు లక్నోలో 2003లోనే గాలి లేకుండా కుళ్లబెట్టి గ్యాసు తీసే 5 మెగావాట్ల ప్లాంటు కట్టారు. దానికి కావలసిన శుభ్రమైన తడి చెత్త రాలేదు, మట్టి, రాళ్లు వచ్చాయి. అదీ పడుకుంది. చెత్త మీద అల్మిత్రా పటేల్ వేసిన కేసులో సుప్రీంకోర్టు 2005 మేలో ఇలాంటి ప్రాజెక్టులకి కొత్త సబ్సిడీలు ఆపించి, నిపుణుల కమిటీ వెయ్యమంది. 2007 మేలో కొన్ని పైలట్ ప్రాజెక్టులకి మాత్రం దారి వదిలింది. రెండేళ్లు అలా గడిచాయి. కోర్టుది తప్పనను, అప్పటికి నడుస్తున్న తీరు చూస్తే ఎవరైనా ఆపేవాళ్లే. కానీ గుట్టలోని గ్యాసు వేరే విషయం. అది చెత్తని వేరుచేసే పని లేకుండా, ఇప్పటికే పోసేసినదాని నుంచి వస్తుంది. దాన్ని కూడా అదే గాటన కట్టేశారన్నది నా బాధ.

ఈ మధ్యలోనే బయటి నుంచి ఒక అవకాశం వచ్చింది. 2004 నవంబర్‌లో అమెరికా చొరవతో 14 దేశాలు 'మీథేన్ టు మార్కెట్స్' అనే ఒప్పందం చేసుకున్నాయి, అందులో ఇండియా ఒకటి. దాని కింద అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ మన దేశంలో చెత్త గుట్టల మీద అధ్యయనాలు చేయించింది. ముంబైలో దేవనార్, ఢిల్లీలో ఓఖ్లా, అహ్మదాబాద్‌లో పిరానా.. ఆ జాబితాలో మన ఆటోనగర్ కూడా ఉంది! క్యోటో ఒప్పందం కింద కార్బన్ క్రెడిట్లు కూడా అప్పుడు మంచి ధరలో ఉన్నాయి. 2008లో టన్నుకి 20 యూరోలు పలికిన రోజులున్నాయి. మీథేన్‌ని ఊరికే మంట పెట్టి కాల్చేసినా డబ్బులొచ్చేవి, కరెంటు అమ్మితే అదనం. ముంబై గొరాయ్ గుట్టని మూసి గ్యాసు పైపులు వేసింది ఆ డబ్బుల ఆశతోనే. 2012 చివరికి అదే క్రెడిట్ ధర ఒక్క యూరో కిందికి పడిపోయింది. కిటికీ మూసుకుంది.

ఆటోనగర్‌లో ఇంజన్ తిరగలేదు. ఒక్క అధికారిదో, ఒక్క కంపెనీదో తప్పని నేననుకోను. ఇలాంటి గుట్టలతో సాంకేతికంగా కూడా చిక్కులున్నాయి. గ్యాసు కోసం కట్టిన ల్యాండ్‌ఫిల్‌ కాదది, లారీలు గుమ్మరించిన కుప్ప. ఇలాంటి కుప్పలు లోతు తక్కువ, వాటిల్లో మట్టి ఎక్కువ, కప్పు లేదు. తరచూ అంటుకునేవి. కుప్ప అంటుకుంటే కుళ్లాల్సింది కాలిపోతుంది, గ్యాసు పోతుంది. వానాకాలంలో లోపల మురుగు నీరు నిలిచి పైపులు మునుగుతాయి. మూసిన గుట్టలో రోజురోజుకీ తగ్గే గ్యాసు మీద ఇరవై ఏళ్ల అప్పు ఏ బ్యాంకూ ఇవ్వదు. పోస్తూ ఉండగానే, సెల్ తర్వాత సెల్ కప్పుకుంటూ గ్యాసు లాగాలి. అంటే నిర్ణయం గుట్ట మూసేటప్పుడు కాదు, మొదలుపెట్టేటప్పుడు తీసుకోవాలి.

అలా తీసుకున్న ఊరు ఉందా? ఉంది. మెక్సికోలో మాంటెర్రే. మనలాగే పెరిగిపోతున్న పారిశ్రామిక నగరం. చెత్తని ముందు నుంచీ పద్ధతిగా సెల్స్‌లో పూడ్చారు. ప్రపంచ బ్యాంకు సాయంతో 2003లో, అంటే మన ఎలికట్ట ప్లాంటు మొదలైన ఏడాదే, 7 మెగావాట్ల గ్యాసు ప్లాంటు పెట్టారు. తర్వాత దాన్ని రెట్టింపు దాటించారు. ఆ కరెంటు పగలు మెట్రో రైలుకి, రాత్రి వీధి దీపాలకి. మాంటెర్రే వాళ్లు మనకంటే తెలివైనవాళ్లేం కాదు. చెత్త పూడ్చే సంస్థ, కరెంటు కొనే సంస్థ ఒకే ప్రభుత్వం గొడుగు కింద కూర్చుని మాట్లాడుకున్నాయి, అంతే. మన దగ్గర చెత్త మునిసిపాలిటీది, కరెంటు డిస్కమ్‌ది, స్థలం రెవెన్యూది, వాసన జనానిది.

ఆటోనగర్ తర్వాత కథ నగరానికి అవతలి కొసకి, జవహర్‌నగర్‌కి మారింది. 2000ల మొదట్లో నుంచి అక్కడ పోయడం మొదలైంది. 2007లో 12 మునిసిపాలిటీలు కలిసి జీహెచ్ఎంసీ అయ్యాక ఆ వైపు లారీలు ఇంకా పెరిగాయి. 2009లో రాంకీతో పాతికేళ్ల ఒప్పందం అయింది. గుట్ట కోటి టన్నులు దాటింది. మల్కారం చెరువులోకి నల్లటి మురుగు దిగింది. దమ్మాయిగూడ, జవహర్‌నగర్ జనం ధర్నాలు చేశారు, కోర్టులకెక్కారు. అక్కడ తక్కువలో వస్తుందని ప్లాట్లు కొనుక్కున్న మన వాళ్లు కూడా తక్కువేం లేరు. చివరికి 2020 ప్రాంతానికి పాత గుట్టని మట్టితో, ప్లాస్టిక్ షీట్లతో కప్పారు. ప్రభుత్వ భాషలో దాని పేరు 'లెగసీ వేస్ట్'. పాత కోడ్‌ని మనం కూడా ఇలాగే అంటాం, ముట్టుకోవడానికి భయపడి పైన ఒక లేయర్ కప్పేస్తాం.

2020 నవంబర్‌లో అక్కడే 19.8 మెగావాట్ల ప్లాంటు ప్రారంభమైంది. మళ్లీ కాల్చేదే. ఈసారి చెత్తలో ప్లాస్టిక్ పెరిగింది, టెక్నాలజీ మెరుగైంది, కాబట్టి 2003 కంటే మెరుగ్గా నడిచింది. కప్పిన పాత గుట్టలోంచి గ్యాసు లాగి, శుద్ధి చేసి, వాహనాలకి వాడే కంప్రెస్డ్ బయోగ్యాస్‌గా మార్చే పని ఆ తర్వాత మొదలుపెట్టారు. ఇంజన్ పెట్టి కరెంటు తియ్యడం కంటే ఇది లాభమే, సీఎన్‌జీకి గిరాకీ ఉంది కాబట్టి. ఆలస్యంగానైనా సంతోషం. కానీ పైన వేసిన లెక్క ఇక్కడా వర్తిస్తుంది. మొదటి ఏళ్లలో పోసిన చెత్త, కప్పు వేసే నాటికే రెండు హాఫ్ లైఫ్‌లు దాటేసింది. మూడొంతులు గాల్లో కలిశాకే మనం మూత పెట్టాం. మిగిలింది కూడా రోజూ తగ్గుతోంది. బావుల నుంచి నెలకి ఎంత గ్యాసు వచ్చింది, అందులో మీథేన్ ఎంత శాతం అని రెండంకెలు నెలనెలా బయట పెట్టమని అడగాలి. సర్వర్ లాగ్స్ చూడకుండా అప్‌టైమ్ 99.9 అంటే మనం నమ్ముతామా? నగరంలో తర్వాత కట్టబోయే ప్రతి ల్యాండ్‌ఫిల్‌కి మొదటి లారీ కంటే ముందు పైపులు రావాలని కూడా అప్పుడే అడగ్గలం, ఆ అంకెలు చూపించి.

అసలు తడి చెత్త గుట్టదాకా వెళ్లడమే అనవసరం అనేవాళ్లున్నారు. నేనూ ఆ పార్టీయే. బోయినపల్లి కూరగాయల మార్కెట్లో తార్నాక ఐఐసీటీ శాస్త్రవేత్తల టెక్నాలజీతో బయోగ్యాస్ ప్లాంటు పెట్టారు. 2021 జనవరి 31న ప్రధాని మన్ కీ బాత్‌లో దాని గురించి చెప్పారు కూడా. అప్పటి లెక్క రోజుకి 10 టన్నుల కూరగాయ చెత్త, 500 యూనిట్ల కరెంటు. టన్నుకి 50 యూనిట్లు. గుట్టలో 87 అన్నావు కదా, ఇది తక్కువే అనొచ్చు. కూరగాయల్లో నీళ్లే ఎక్కువ మరి. పైగా ఆ 87 కాగితం మీదవి, అన్నీ సరిగ్గా జరిగితే ఇరవై ఏళ్ల మీద వచ్చేవి. ఈ 50 నెల తిరక్కుండా వస్తాయి. అవి మార్కెట్లోనే లైట్లకి, కోల్డ్ స్టోరేజీకి వాడుకోవచ్చు, లారీ డీజిల్ ఖర్చు కూడా మిగులుతుంది.

మలక్‌పేట గంజ్‌లో ఇలాంటిది పెట్టాలంటే ఒక చిక్కుంది. ఉల్లి, వెల్లుల్లిలో గంధకం ఎక్కువ, గ్యాసులో హైడ్రోజన్ సల్ఫైడ్ పెరిగి ఇంజన్‌ని తినేస్తుంది. ఉల్లి ఒక్కటే వేస్తే బాక్టీరియా కూడా మొరాయిస్తుంది. చుట్టుపక్కల హోటళ్ల అన్నం, రైతుబజారు ఆకుకూరలు కలిపి వెయ్యాలి, గ్యాసుని ఇనప తుక్కు ఫిల్టరు గుండా పంపాలి. హోటళ్లకి ఆ దారిలో ఏమీ కొదవ లేదు. మూసారాంబాగ్ వంతెన దాటితే అంబర్‌పేటలో రోజుకి 33.9 కోట్ల లీటర్ల మురుగుని ఇదే బాక్టీరియా పద్ధతిలో శుద్ధి చేసే ప్లాంటు ఉంది కాబట్టి, ఈ పని తెలిసిన మనుషులు కూడా వంతెన అవతలే ఉన్నారు.